కార్డు పర్సులో ఉంది, ఇంట్లో ఎవరికీ తెలియదు: కర్నూలు నుంచి ఒక కేస్ స్టడీ

ఆ కార్డు మీద రబ్బరు ముద్ర వేసింది నేనే. ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని తమ్ముడు తన అన్న పర్సులో ఆధార్ కోసం వెతుకుతున్నాడు. డ్రైవింగ్ లైసెన్సు వెనక నుంచి ఇంకో కార్డు జారి నేల మీద పడింది. తీసి నా చేతికిచ్చి "ఇదేంది మేడం?" అన్నాడు. అవయవదాన ప్రతిజ్ఞ కార్డు. పేరు, రక్తం గ్రూపు, ఆగస్టు 3 తేదీ, కింద మా క్యాంపు ముద్ర. లోపల మంచం మీద ఉన్న మనిషి బ్రెయిన్ డెడ్ అని డాక్టర్లు తేల్చి అప్పటికి అరగంట కూడా కాలేదు.

నేను కర్నూలులో అవయవదాన కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. దానం గురించి కుటుంబాలతో మాట్లాడటం, వాళ్ళు సరే అంటే రాష్ట్ర ప్రభుత్వ అవయవదాన కార్యక్రమం జీవన్‌దాన్‌కు సమాచారం ఇచ్చి మిగతా పని నడిపించడం, మిగిలిన రోజుల్లో ఊళ్ళలో, కాలేజీల్లో అవగాహన కల్పించి పేర్లు నమోదు చేయించడం నా పని. ఆ కార్డు పడిన రోజు నుంచి నేను నమోదు చేయించే పద్ధతి మారింది. ఎందుకు మారిందో, మారాక ఏం జరిగిందో రాస్తున్నాను. ఇందులోని కుటుంబాలను ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని ఆనవాళ్ళు వదిలేశాను.

క్యాంపు రోజు

1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ పి. వేణుగోపాల్ బృందం, చనిపోయిన దాత గుండెను మరో మనిషికి మన దేశంలో తొలిసారి విజయవంతంగా అమర్చింది. ఆ గుర్తుగా 2023 నుంచి ఆగస్టు 3ను భారత అవయవదాన దినంగా జరుపుతున్నారు. అంతకుముందు నవంబరు 27న జరిపేవాళ్ళు. మేమూ ఆ రోజే ఒక కాలేజీలో క్యాంపు పెట్టాం. బ్యానరు, మైకు, రెండు టేబుళ్ళు, ఫారాల కట్టలు. పిల్లలు వరసగా వచ్చి సంతకాలు పెట్టారు. ఒకరి ఫారం మీద ఇంకొకరు సాక్షి సంతకం చేసుకున్నారు. సాయంత్రానికి కట్టలు అయిపోయాయి. ఫొటోలు దిగాం. చాలా సంతోషంగా ఇంటికి వెళ్ళాను.

షామియానా, కుర్చీలు తెచ్చిన టెంట్ హౌస్ ట్రాలీ ఆటో డ్రైవర్ మధ్యాహ్నం దాకా ఖాళీగా ఉన్నాడు. నేను మైకులో మాట్లాడుతుంటే వెనక గోడకు ఆనుకుని విన్నాడు. తర్వాత టేబుల్ దగ్గరికి వచ్చి "నేను కాలేజీ వాణ్ణి కాదు, నేనూ రాయొచ్చా?" అని అడిగాడు. పద్దెనిమిదేళ్ళు నిండిన ఎవరైనా రాయొచ్చని చెప్పాను. సాక్షులుగా ఒక స్టూడెంటు, టెంట్ హౌస్ కుర్రాడు సంతకం పెట్టారు. నేను ముద్ర వేశాను. కార్డును లైసెన్సు వెనక జాగ్రత్తగా పెట్టుకున్నాడు.

ఇక్కడే నా తప్పు ఉంది. ఆ ఫారం పేరు ఫారం 7. కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి, వాళ్ళలో ఒకరైనా దగ్గరి బంధువు అయి ఉండాలి. ఇది 1994 అవయవ మార్పిడి చట్టంలో రాసి ఉన్న మాట. భార్య లేదా భర్త, కొడుకు, కూతురు, తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, తాత, అవ్వ, మనవడు, మనవరాలు: దగ్గరి బంధువు అంటే చట్టం ప్రకారం వీళ్ళే. తాత, అవ్వ, మనవలు 2011 సవరణతో చేరారు. ఈ షరతు నాకు తెలియక కాదు. కాలేజీ క్యాంపులో అమ్మానాన్నలు ఎక్కడ దొరుకుతారు, ఎలాగూ చివర్లో కుటుంబాన్ని అడుగుతాం కదా అనుకుని వదిలేశాను. ఆ షరతు ఎందుకు పెట్టారో ఐసీయూ బయట అర్థమైంది. సాక్షి సంతకం కోసమైనా ఆ ఫారం ఒకసారి ఇంటికి వెళ్ళాలి. ఇంట్లో ఒకరికైనా ఆ మాట చెవిన పడాలి.

ఐసీయూ బయట

ఆ ట్రాలీ ఆటో డ్రైవర్ అక్టోబరులో, రాత్రి పూట, జాతీయ రహదారి 44 మీద వెల్దుర్తి వైపు బైకు జారి పడ్డాడు. హెల్మెట్ లేదు. సీటీ స్కాన్‌లో మెదడులో పెద్ద రక్తస్రావం. మూడో రోజుకు డాక్టర్లకు అనుమానం వచ్చింది, పరీక్షలు మొదలయ్యాయి.

బ్రెయిన్ డెడ్ అని ఎవరో ఒక డాక్టర్ వచ్చి చెప్పేస్తే సరిపోదు. నలుగురు డాక్టర్ల బోర్డు ఉండాలి: ఆసుపత్రి బాధ్యుడు, చికిత్స చేస్తున్న డాక్టర్, ప్రభుత్వం ఆమోదించిన జాబితా నుంచి ఒక నిపుణుడు, ఒక న్యూరాలజిస్టు లేదా న్యూరోసర్జన్. అవయవ మార్పిడి చేసే టీమ్ వాళ్ళు ఇందులో ఉండకూడదు. కంటిపాప వెలుతురుకు కదులుతుందా, కన్ను తాకితే రెప్ప కొట్టుకుంటుందా, చెవిలో చల్లని నీళ్ళు పోస్తే కనుగుడ్లు కదులుతాయా, గొంతులో గొట్టం కదిపితే దగ్గు వస్తుందా అని చూస్తారు. చివరిది ఊపిరి పరీక్ష. వెంటిలేటర్ విడదీసి, గొట్టం గుండా ఆక్సిజన్ మాత్రం పంపుతూ, ఛాతీ వైపే చూస్తూ నిలబడతారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ, మెదడు కాండంలో ఏ కొంచెం ప్రాణం ఉన్నా ఊరుకోదు, ఊపిరి లాగమంటుంది. ఛాతీ ఒక్కసారి కూడా లేవలేదంటే అక్కడ ఏమీ మిగల్లేదని అర్థం. ఈ పరీక్షలన్నీ కనీసం ఆరు గంటలు ఆగి రెండోసారి కూడా చేస్తారు. కోమాలో ఉన్న మనిషి ఈ పరీక్షల్లో ఎక్కడో ఒకచోట స్పందిస్తాడు. అందుకే కోమా నుంచి లేచినవాళ్ళు ఉన్నారు. సరిగ్గా పరీక్షించి బ్రెయిన్ డెడ్ అని తేల్చాక లేచినవాళ్ళు లేరు.

ఇదంతా సక్రమంగానే జరిగింది. చెప్పడంలోనే దెబ్బతిన్నాం. ఒక జూనియర్ డాక్టర్ బయటికి వచ్చి, "బ్రెయిన్ డెడ్ అయ్యాడమ్మా, అవయవదానం గురించి మేడం మీతో మాట్లాడతారు" అని ఒకే గుక్కలో చెప్పాడు. ఆ అబ్బాయి చెడ్డవాడు కాదు. రాత్రంతా నిద్ర లేదు, ఎలా చెప్పాలో అతనికి ఎవరూ నేర్పలేదు. కానీ తల్లికి మొదటి ముక్క వినపడలేదు. రెండో ముక్కే వినపడింది.

ఆమె నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. కొడుకు అరచేతిలో నా చెయ్యి పెట్టింది. "సూడు, వెచ్చగుంది. ఎద కొట్టుకుంటాంది. సచ్చినోని చెయ్యి వెచ్చగుంటాదా? నువ్వు ఆడదానివే గద, నువ్వు చెప్పు" అంది. నిజంగానే వెచ్చగా ఉంది. గోళ్ళ సందుల్లో గ్రీజు ఇంకా అలాగే ఉంది. ఊపిరి వెంటిలేటర్ ఇస్తోందని, గుండెకు సొంతంగా కొట్టుకునే ఏర్పాటు ఉంటుందని, ఆక్సిజన్ అందినంతసేపు మెదడు లేకపోయినా అది కొట్టుకుంటుందని చెప్పాను. నా మాటలు నాకే తేలిపోయినట్టు అనిపించాయి. ఆ వెచ్చదనం ముందు ఏ వివరణా నిలబడదు.

కార్డు చూపిస్తే సాయపడుతుందేమో అనుకున్నాను. అదే ఎదురు తిరిగింది. తమ్ముడు లేచి నిలబడ్డాడు. "మాకు ఒక్క మాట చెప్పలా. చెప్పింటే వేరే కత. ఎవరు పెట్టించినారో, ఏమని పెట్టించినారో మాకేం తెలుసు?" అన్నాడు. భార్య కార్డు తీసుకుని తేదీ చూసింది. "ఆ పొద్దు ఇంటికొచ్చినాడు, అన్నం తిన్యాడు, పిల్లోల్లతో ఆడుకున్యాడు. ఇది చెప్పలా" అంది. ఆమెకు కోపం లేదు. మొగుడు తన దగ్గర ఒక విషయం దాచాడన్న బాధ ఒకటి కొత్తగా చేరింది, అంతే. ఆ బాధ తెచ్చిపెట్టింది నేను.

వద్దన్నారు. నేను ఇంకో మాట అనలేదు. చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగు పెట్టి అంబులెన్సులో ఊరికి తీసుకెళ్ళారు. దారిలోనే గుండె ఆగింది. రోడ్డు ప్రమాదం కాబట్టి పంచనామా, పోస్టుమార్టం ఎటూ తప్పలేదు. "ఎలాగూ కోస్తారు కదా, దానం చేస్తే ఏం పోయింది" అని ఇలాంటి కేసుల్లో కొందరు కుటుంబాలతో వాదిస్తుంటారు. ఆ వాదన నేను ఎప్పుడూ వాడను. గాయం మీద కారం చల్లి తెచ్చుకున్న సమ్మతి నాకొద్దు.

నెల తర్వాత ఆ ఇంటికి ఒకసారి వెళ్ళాను, ఫారాల కోసం కాదు. తల్లి మాట్లాడలేదు. భార్య మాత్రం కార్డు తెచ్చి చూపించింది. ఆయన చేతిరాత ఇంట్లో ఇంకెక్కడా లేదంట, అందుకే దాచుకుందంట.

మార్చుకున్నవి

మొదట మాట మార్చాను. మన పత్రికలు "జీవన్మృతుడు" అని రాస్తాయి. ఆ పదంలోనే జీవం ఉంది. సగం బతికి సగం చచ్చిన మనిషి అన్నట్టు వినిపిస్తుంది. ఆ సగం మీద ఆశ పెట్టుకుని తల్లి కూర్చుంటే తప్పు ఆమెది కాదు, మాటది. "బ్రెయిన్ డెడ్" అన్నా మెదడు ఒక్కటే పోయిందనుకుంటారు. ఇప్పుడు నేను "చనిపోయాడు" అంటాను. తర్వాత కాసేపు ఆగి, ఇంకా ఊపిరి కనిపిస్తోందే అని వాళ్ళు అడిగినప్పుడు మెషీను సంగతి చెబుతాను. చావు కబురు చికిత్స చేసిన డాక్టర్ చెబుతారు. దానం మాట నేను, కుటుంబం ఆ కబురు తట్టుకున్నాక, వేరే గదిలో, కూర్చోబెట్టి చెబుతాను. ఈ రెండూ ఒకే నోటి నుంచి, ఒకే గంటలో రాకూడదు.

రెండోది, నమోదును కాలేజీ మైదానం నుంచి ఇంటి వసారాలోకి తెచ్చాను. కల్లూరు వైపు ఒక కాలనీలో పొదుపు సంఘం లీడర్ ఒకామె నాకు పరిచయం. టైలరింగ్ చేస్తుంది. ఆమెతో ఒక మాట అనుకున్నాను: మొదటిసారి వచ్చినప్పుడు ఫారాలు తేను. మాట్లాడతాను, వాళ్ళు అడిగినవాటికి జవాబు చెబుతాను, వెళ్ళిపోతాను. రాత్రి ఏడు దాటాక, మగవాళ్ళు పనుల నుంచి వచ్చాక, వాళ్ళింటి వసారాలోనే కూర్చునేవాళ్ళం. సీరియల్ టైమ్ కాబట్టి మొదట్లో టీవీ కట్టేయమని ఎవరినీ అడగలేదు. వాళ్ళంతట వాళ్ళే కట్టేసేవాళ్ళు.

అడిగిన ప్రశ్నలు అన్నిచోట్లా ఇంచుమించు అవే. కార్డు ఉందని తెలిస్తే ఆసుపత్రిలో వైద్యం సరిగ్గా చేయరా? ప్రాణం కాపాడే డాక్టర్లు వేరు, మార్పిడి టీమ్ వేరు, కార్డు మాట చావు నిర్ధారణ అయ్యాకే వస్తుంది. బిల్లు మా మీద పడుతుందా? దాత శరీరాన్ని కాపాడటానికి, అవయవాలు తీయడానికి అయ్యే ఖర్చు దాత కుటుంబం మీద వేయకూడదని 2014 నిబంధనల్లోనే ఉంది. శవం ఎప్పుడు ఇస్తారు? ఇది అన్నిటికన్నా నిజాయితీగా జవాబు చెప్పాల్సిన ప్రశ్న. ఆలస్యం అవుతుంది. బోర్డు, ఆరు గంటల విరామం, టీములు రావడం, అన్నీ కలిసి ఒక రోజు పట్టవచ్చు. ప్రమాదం కేసైతే పోలీసు పని అదనం. సూర్యాస్తమయం తర్వాత పోస్టుమార్టానికి 2021 నవంబరులో కేంద్రం అనుమతి ఇచ్చింది, అవయవదానం కేసుల్లో అది కొంత సాయం. అయినా "గంటలో ఇచ్చేస్తారు" అని నేను ఎవరికీ చెప్పను.

అమ్ముకుంటారా అన్న అనుమానం మాత్రం ప్రతి ఇంట్లో ఉంది, ఉండటంలో తప్పు లేదు. కిడ్నీల ముఠాల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఆ ముఠాలు పట్టుకునేది బతికున్న పేదవాళ్ళను, అప్పుల్లో ఉన్నవాళ్ళను. చనిపోయిన దాత అవయవాలు జీవన్‌దాన్ జాబితా ప్రకారం వెళ్తాయి. రక్తం గ్రూపు, ఎంతకాలంగా ఎదురుచూస్తున్నారు, పరిస్థితి ఎంత విషమం అన్నవి చూస్తారు. కొన్నా, అమ్మినా చట్టం ప్రకారం పదేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. చనిపోయినవాళ్ళ నుంచి అవయవాలు దొరకకపోతేనే బతికున్నవాళ్ళ మీద ఒత్తిడి పెరుగుతుంది. మన దేశంలో చనిపోయాక అవయవాలు ఇచ్చే దాత పది లక్షల జనాభాకు ఏడాదికి ఒక్కరు కూడా లేరు. కాబట్టి మార్పిడుల్లో ఎక్కువ భాగం బతికున్నవాళ్ళు ఇచ్చినవే, ఆ ఇచ్చినవాళ్ళలో ఎక్కువమంది తల్లులు, భార్యలు. ఈ మాట చెప్పినప్పుడు వసారాలో ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

వెచ్చగా ఉన్న చెయ్యి గురించి ఏం చెప్పాలో నాకు ఆ వసారాలోనే దొరికింది. నేను మెషీను, ఆక్సిజన్ అని ఏదో చెబుతుంటే ఒక పెద్దాయన, "పీకేసిన శెనక్కాయ చెట్టు మాదిరి అన్నమాట. వేరు పైకొచ్చినాక గూడ ఆకు ఒక పూట పచ్చగనే ఉంటాది" అన్నాడు. అందరికీ ఒక్క దెబ్బకు అర్థమైంది. అప్పటి నుంచి ఆయన మాటే నా మాట.

దధీచి, శిబి చక్రవర్తి కథలతో నేను మొదలుపెట్టను. పురాణం చెప్పగానే జనం దండం పెట్టి వింటారు, మనవల్ల కాదులే అనుకుని లేచిపోతారు. వన్ టౌన్ వైపు ఒక ముస్లిం కుటుంబంలో పెద్దాయన, ఈ విషయంలో మతపెద్దల్లో రెండు రకాల అభిప్రాయాలు ఉన్నాయని, ముఫ్తీ సాబ్‌ను అడిగి చెబుతానని అన్నారు. సరేనన్నాను. ఆయన ఇంకా కబురు చేయలేదు. నేను మళ్ళీ అడగలేదు.

అవ్వ

పొదుపు లీడర్ తన ఫారం మూడోసారి కలిసినప్పుడు నింపింది. భర్త మార్కెట్ యార్డులో పనిచేస్తాడు, ఉల్లిగడ్డల సీజన్ కావడంతో అతను ఇంట్లో దొరకడానికే నెల పట్టింది. సాక్షి సంతకం అతనే పెట్టాడు. పక్కన మంచం మీద కూర్చున్న అత్త అంతా వింటోంది. "నాది యాడ పనికొస్తాది బిడ్డా, షుగరు ముసలిదాన్ని" అంది.

అవయవాలు ఇవ్వాలంటే మనిషి ఐసీయూలో, వెంటిలేటర్ మీద ఉండగా బ్రెయిన్ డెడ్ అని తేలాలి. ఇంట్లో పోయినవాళ్ళ గుండె, కాలేయం, కిడ్నీలు పనికిరావు. కళ్ళు అలా కాదు. గుండె ఆగిన ఆరు గంటల లోపు తీసుకోవచ్చు. షుగరు ఉన్నా, కంటి శుక్లం ఆపరేషన్ అయినా, అద్దాలు పెట్టుకున్నా ఇవ్వొచ్చు. రేబిస్, హెచ్ఐవీ, హెపటైటిస్ లాంటి జబ్బులతో పోయినవాళ్ళవి తీసుకోరు. ఇది చెప్పగానే అవ్వ సర్దుకుని కూర్చుంది. ఏం చేయాలో అడిగింది. పోయిన వెంటనే రెప్పలు మూసి, తడి దూది పెట్టి, తల కింద దిండు పెట్టాలని, పైన ఫ్యాన్ ఆపేయాలని చెప్పాను. గాలికి కన్ను ఎండిపోతుంది కాబట్టి.

పక్కింటామె "కండ్లు లేకుండ పోతే వచ్చే జన్మలో గుడ్డిగా పుడతారంట గదా అవ్వా" అంది. నేను నోరు తెరవకముందే అవ్వ అందుకుంది. "కన్నప్ప కన్ను పీకి ఇచ్చినాడు. ఆయప్ప గుడ్డోడై పుట్టినాడని యాడన్న విన్నావా నువ్వు?" నేను పురాణం చెప్పకపోవడం వేరు, అవ్వ చెప్పడం వేరు.

ఆమె ఫారం ఇంట్లో చదివి వినిపించింది పద్నాలుగేళ్ళ మనవడు. వేలిముద్ర వేసింది. అందరికన్నా ఉత్సాహంగా ఉన్న కోడలు సాక్షిగా సంతకం పెట్టబోయింది. చట్టం చెప్పే దగ్గరి బంధువుల్లో కోడలు లేదు. అందుకని కొడుకు సంతకం పెట్టించాం, కోడలు రెండో సాక్షి.

ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున నాలుగు గంటలకు అవ్వ పోయింది. గుండెపోటు. నాలుగూ నలభైకి కోడలు ఫోన్ చేసింది. ముందు ఏడవనిచ్చాను. తర్వాత దూది, దిండు గుర్తు చేసి, ఫ్యాన్ ఆపమన్నాను. "వాడు ఎప్పుడో ఆపేసినాడు మేడం" అంది. మనవడు. అవ్వ వాడితో వేరుగా చెప్పుకుందట: "నేను పోతే మీ అమ్మానాయన ఏడుస్తాంటారు, వాళ్ళకు గుర్తుండదు. నువ్వు ఫ్యాన్ ఆపరా" అని.

ఐ బ్యాంక్ టెక్నీషియన్‌ను వెంటబెట్టుకుని ఆరు గంటలకు చేరాను. అప్పుడు తెలిసింది ఇంకో చిక్కు. ఆదోనిలో ఉన్న కూతురు బస్సులో వస్తూ ఫోన్ చేసింది: "నేను చూడకముందే మా అమ్మను ఎవరూ ముట్టొద్దు." ఆమెకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. పెళ్ళై వెళ్ళిన ఆడబిడ్డను వాళ్ళు మరిచిపోయారు, నేనూ మరిచిపోయాను. కార్డు పడిన రోజు చేసిన తప్పే ఇంకో రూపంలో మళ్ళీ చేశాను.

చట్టం ప్రకారం కొడుకు సమ్మతి చాలు. కొడుకు నా వైపు చూశాడు. పది గంటల దాకా టైమ్ ఉంది. ఆగుదాం అన్నాను. పెట్టె పక్కన పెట్టుకుని గడప బయట అరుగు మీద కూర్చున్నాం. టెక్నీషియన్ రెండుసార్లు గడియారం చూశాడు, ఏమీ అనలేదు. ఎవరో టీ తెచ్చారు. దూది ఆరిపోతుంటే మనవడే మళ్ళీ తడిపి పెడుతున్నాడు.

ఏడున్నరకు కూతురు వచ్చింది. తల్లి మీద పడి ఏడ్చింది. తర్వాత తల పైకెత్తి, ఫిబ్రవరిలో ఉక్క లేకపోయినా ఇంతమంది ఉన్న గదిలో ఫ్యాన్ ఎందుకు తిరగడం లేదని అడిగింది. పిల్లాడు చెప్పాడు. అవ్వ ఏ మాటలు అందో ఆ మాటలే చెప్పాడు. ఆమె చాలాసేపు వాడి వైపే చూసింది. "అమ్మ నీకు చెప్పిందా?" అంది. "నాకు, నాయనకు, అమ్మకు. నీకు సంక్రాంతికి చెప్తానన్నది, నువ్వు రాలా" అన్నాడు. ఆమె పక్కకు జరిగి కూర్చుంది. అదే సమ్మతి.

తలుపు దగ్గరగా వేశారు. రక్తం శాంపిల్ తీశారు, జబ్బుల వివరాలు కోడలు చెప్పింది. పని ఇరవై నిమిషాలు. తర్వాత రెప్పల కింద పల్చటి ప్లాస్టిక్ తొడుగు పెట్టి మూస్తారు, మొహంలో తేడా రాదు. కూతురు వచ్చి రెండు రెప్పల మీదా వేలు పెట్టి చూసుకుంది. "నిద్రపోయినట్టే ఉంది" అంది. తర్వాత దండ వేశారు.

ఇప్పుడు నా రిజిస్టరు

ఆ కాలనీలో నింపిన ఫారాలు కాలేజీ క్యాంపు కట్టలతో పోలిస్తే చాలా తక్కువ. ఆ ఇళ్ళ నుంచి ఇంతవరకు ఒక్క కిడ్నీ, ఒక్క కాలేయం రాలేదు, రావాలని కోరుకునే విషయమూ కాదు అది. ఆసుపత్రిలో బ్రెయిన్ డెడ్‌గా పోయేవాళ్ళు మొత్తం మరణాల్లో చాలా తక్కువ. అందుకే దొరికిన ఒక్క సందర్భంలో ఇంట్లో వాళ్ళకు ముందే తెలిసి ఉండటం అంత ముఖ్యం. ఒక్క దాతతో ఎనిమిది మంది దాకా బతకొచ్చు.  

పై అధికారులు ఎన్ని ఫారాలు అని అడుగుతారు, ఆ అంకె పంపుతూనే ఉన్నాను. నా సొంత రిజిస్టరులో మాత్రం రెండు గడులు పెంచాను. ఒకటి, ఇంట్లో ఎవరెవరికి చెప్పారు. రెండోది అవ్వ పోయాక గీసింది: పెళ్ళై వెళ్ళిన ఆడపిల్లలకు, వేరే ఊళ్ళో ఉన్న కొడుకులకు చెప్పారా. ఆ గడి ఖాళీగా ఉంటే నా ముందే ఫోన్ చేయిస్తాను. స్పీకర్‌లో పెట్టి మాట్లాడిస్తాను. బెంగళూరులో, హైదరాబాదులో పనిచేసే పిల్లలు మొదట కంగారు పడతారు, అమ్మకు ఏమైందని. తర్వాత సర్దుకుంటారు.

ఆన్‌లైన్‌లో చేసుకోవాలనుకునేవాళ్ళకు జాతీయ అవయవ మార్పిడి సంస్థ నోట్టో వెబ్‌సైట్ ఉంది. ఆధార్ నంబరు, ఫోనుకు వచ్చే ఓటీపీ ఉంటే చాలు, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, ఏ అవయవాలు ఇవ్వాలనుకుంటున్నారో ఎంచుకోవచ్చు, మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చు. సందేహాలుంటే 1800 11 4770కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. ఇంత తేలిక కాబట్టే నాకు భయం. రాత్రి మంచం మీద ఒంటరిగా ఫోనులో చేసేసుకుని పడుకుంటే, అది పర్సులో కార్డు లాంటిదే. ఇంట్లో వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని ఓటీపీ కొట్టమని చెబుతున్నాను.

అవ్వ దినాల రోజు భోజనాలయ్యాక ఆ పక్కింటామె నా దగ్గరికి వచ్చింది. గుడ్డిగా పుడతారని అన్నది ఈమే. "మా ఆయనకు బీపీ ఉంది, కండ్లద్దాలు గూడ. పనికొస్తాయా?" అని అడిగింది. వస్తాయని చెప్పాను. "అయితే ఫారం ఇయ్యి, ఆయనది నేను రాసిచ్చేస్తా" అంది. ఆయన ఎక్కడని అడిగాను. కోడుమూరు దగ్గర చేను కాడికి పోయినాడంది. ఫారం సంచిలోనే ఉంది, కానీ తీయలేదు. ఆదివారం ఇంట్లో ఉంటాడంటే, రాత్రి ఏడు తర్వాత వస్తానని చెప్పి వచ్చాను.